వంకర లేని చైను

స్కూటర్ చప్పుడు సందు మలుపు తిరిగేదాకా పద్మకుమారి గుమ్మంలోనే నిలబడింది. తిరిగాక కూడా ఇంకాసేపు నిలబడింది, ఎందుకంటే ఆమె మొగుడు సత్యప్రసాద్‌కి టిఫిన్ డబ్బా మరిచిపోయి వెనక్కి వచ్చే జబ్బు ఒకటుంది. ఇవాళ మరిచిపోలేదని నమ్మకం కుదిరాక లోపలికొచ్చి గడియ పెట్టింది. కూతురు సౌజన్య ఇంకా ముసుగు తన్ని పడుకునే ఉంది. కిటికీ దగ్గరున్న బల్ల మీది గుడ్డ తీసి, జాకెట్లకి పూసలు కుట్టే సన్న సూది, సగం విరిచిన బ్లేడు ముక్క పక్కన పెట్టుకుని కూర్చుంది. పరాయి ఇంట్లో దూరిన దొంగకైనా అంత గుబులుండదేమో, తన ఇంట్లో తన మొగుడి బల్ల దగ్గర ఆమెకి గుండె దడదడలాడుతోంది.

బల్ల మీద జానెడుకి కాస్త తక్కువ పొడవున ఒక బండి ఉంది. హాఫ్‌ట్రాక్ అంటారు. ఎప్పటిదో పెద్ద యుద్ధంలో జర్మనీ వాళ్ళు సిపాయిల్ని మోసుకెళ్ళడానికి చేసుకున్న బండికి అచ్చమైన నమూనా. ముందు నుంచి చూస్తే లారీ, వెనక నుంచి చూస్తే ట్యాంకు. ముందు రెండు రబ్బరు చక్రాలు, వెనక రెండు పక్కలా ఇనుప చైన్లు. ఇది కొన్నప్పుడు బండి కాదు, ఒక అట్టపెట్టె నిండా ప్లాస్టిక్ ముక్కలు. ఒక్కో ముక్కా కత్తిరించి, గరుకు కాగితంతో అరగదీసి, జిగురు పెట్టి అంటించి, రంగులు వేస్తే బండి అవుతుంది. అందులో అన్నిటికన్నా ప్రాణం తీసేది చైను. కందిగింజంత లింకులు విడివిడిగా ఉంటాయి. ఒక్కో లింకు మీద బియ్యపు నూకంత రబ్బరు దిండు ఉంటుంది, అదీ వేరే ముక్కే. దిండు లింకు నడిమధ్యన తిన్నగా కూర్చోవాలి, లేదంటే చైనంతా పళ్ళు ఊడిన దువ్వెనలా కనిపిస్తుంది.

నిన్న సాయంత్రం సత్యప్రసాద్ అంటించిన దిండ్లన్నీ ఎడమ పక్కకి వాలి ఉన్నాయి. ఒకటి లింకు అంచు దాటి బయటికి తోసుకొచ్చింది. పద్మకుమారి బ్లేడు మొనతో దాన్ని పైకి లేపింది, పాత జిగురు గీకింది, సూదిమొన మీద చుక్క జిగురు తీసుకుని మళ్ళీ పెట్టింది. తిన్నగా కూర్చుంది. తరవాతది లేపింది. ఊపిరి బిగపట్టి ఒక్కొక్కటే సరిచేస్తూ పోయింది. ఇరవై ఏళ్ళుగా జంషెడ్‌పూర్ బారిడీహ్ పేట ఆడవాళ్ళ పెళ్ళి జాకెట్లకి పూసలు కుడుతున్న చెయ్యి ఆమెది, ఇలాంటివాటికి బెదిరే చెయ్యి కాదు.

ఇదంతా ఆమె ఊసుపోక మొదలుపెట్టింది కాదు. వర్షాకాలం మొదట్లో సత్యప్రసాద్ కుడి చెయ్యి వణకడం మొదలైంది. ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే ఏమీ లేదు. గ్లాసు ఎత్తబోతే, గుండీ పెట్టబోతే, వేళ్ళు వాటి ఇష్టం వచ్చినట్టు ఆడతాయి. ఇంకొకడికైతే అది టీ ఒలకడంతో పోయే సంగతి. సత్యప్రసాద్ ఆదిత్యపూర్‌లో ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. షెడ్డు కప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడకి దొర్లే పెద్ద క్రేన్‌కి వేలాడే కేబిన్‌లో కూర్చుని, కింద మనుషులు తిరుగుతుండగా వాళ్ళ తలల మీదుగా టన్నుల ఇనుము మోసుకెళ్ళే పని. కింద లోడుకి గొలుసులు కట్టి, చేత్తో సైగ చేసి ఎత్తించే మనిషిని ఖలాసీ అంటారు. సత్యప్రసాద్ క్రేన్ కింద ఖలాసీ ఎవరో కాదు, పద్మకుమారి ఒక్కగానొక్క తమ్ముడు భీమారావు. మొగుడు పైన, తమ్ముడు కింద. పెళ్ళిచూపుల్లో కూడా అంత భయపడని పద్మకుమారి, ఆ మొదటిసారి టీ ఒలికిన రోజున భయపడింది.

"డాక్టరుకి చూపించు మావా" అని వెంటపడి పోరింది. వారం పోయాక చూపించానన్నాడు.

"ఏటన్నాడు?"

"నీరసం అన్నాడు. టానిక్ రాసేడు. నానేటి తిక్కమనిషినా? మోకాలు నొప్పని చెప్పి కింద పని అడిగి తీసుకున్నాను. ఈ ఏడంతా నాను క్రేన్ ఎక్కను, సరేనా?"

ఆ మాటతో పద్మకుమారికి ప్రాణం కుదుటపడింది. మొగుడు కింద స్టోరులో బోల్టులు లెక్కపెట్టుకుంటున్నాడు, తమ్ముడి నెత్తి మీద ఇంకెవరో లోడు ఎత్తుతున్నారు. ఇక ఇంట్లో వణికితే ఏం, వణకనీ అనుకుంది.

అప్పుడే ఈ హాఫ్‌ట్రాక్ దిగింది ఇంట్లోకి. సత్యప్రసాద్‌కి ఇలాంటి బండ్లు కట్టడం చాలా ఏళ్ళ అలవాటు. అల్మారా నిండా లారీలు, జీపులు, ఒక ట్యాంకు ఉన్నాయి. కానీ చైను విడివిడి లింకులుగా ఉన్నది ఇదే మొదలు. మొదటి రోజు సాయంత్రం కూర్చుని కాసిని లింకులు అంటించాడు. అంటించినవి భూతద్దం కింద పెట్టుకుని చూసుకున్నాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేశాడు. పద్మకుమారి ఆ మొహం చూడలేకపోయింది. తల్లి పోయినప్పుడు కూడా ఆ మనిషి అలా కూర్చోలేదు. మర్నాడు పొద్దున్న అతను డ్యూటీకి వెళ్ళగానే సూది తీసుకుని కూర్చుంది. బొమ్మే కదా, నాలుగు దిండ్లు తిన్నగా పెడితే మనిషి నాలుగు మెతుకులు తింటాడు అనుకుంది. అంతకు మించి ఆమె ఆలోచించలేదు.

ఆ మధ్యాహ్నం సత్యప్రసాద్ వచ్చి బట్టలైనా మార్చుకోకుండా బండిని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. తలుపు చాటు నుంచి ఆమె చూస్తూనే ఉంది. మొదట కనుబొమలు ముడిపడ్డాయి. పట్టుబడ్డానే అనుకుంది. తరవాత ఆ మొహం మెల్లగా విప్పారింది.

"పద్మా, ఇలగ రా. రాత్రి నాకు ఇవి వంకరగా కనపడ్డాయి. ఇప్పుడు చూడు, ఎంత తిన్నగున్నాయో. అంటే ఏటి? లోపం చేతిలో లేదు. కళ్ళల్లో ఉన్నాది."

"మరైతే కళ్ళ డాక్టరు దగ్గరికెల్లు" అంది ఆమె, కూరగిన్నె వైపు మొహం తిప్పుకుని.

వెళ్ళాడు కూడా. కొత్త అద్దాలు పెట్టుకొచ్చాడు. ఆ అద్దాలతో సాయంత్రం అంటించినవి మళ్ళీ వంకరగానే కనిపించాయి. దీపం వెలుగు మంచిది కాదని తీర్మానించుకుని, ఇకమీదట పగటి వెలుగులో చూసిందే లెక్క అన్నాడు. రోజూ మధ్యాహ్నం సౌజన్య చేత ఫోనులో ఫొటో తీయించి, వేళ్ళతో పెద్దది చేయించి మరీ చూసేవాడు.

"బిల్కుల్ సీధా హై, పాపా" అనేది ఆ పిల్ల, ఒక్క వంకరా లేదని. తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం దానికి పుట్టుకతో వచ్చింది. తండ్రీ కూతుళ్ళు ఫోను మీద తలలు ఆనించి గుసగుసలాడుకోవడం, పద్మకుమారి రాగానే ఊరుకోవడం ఆమె చూడకపోలేదు. వాళ్ళ ముచ్చట్లు వాళ్ళవి అనుకుని నవ్వుకుంది.

ఒకరోజు మాత్రం ఆమె పని పట్టినట్టే పట్టాడు. బల్ల మీద పూసల సూది మరిచిపోయింది. సత్యప్రసాద్ దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పి చూస్తూ, "ఇదేటి ఇక్కడ?" అన్నాడు.

"ఇక్కడ వెలుతురు బాగుందని జాకెట్టు కుడతన్నాను. ఏటి, నీ బల్ల అరిగిపోనాదా?"

నోరు చేసుకుంటే తప్ప ఆ గండం గడవదని ఆమెకి తెలుసు. సత్యప్రసాద్ సూది ఆమె చేతికిచ్చి, ఆమె మొహం వైపు ఇంకాసేపు చూసి ఊరుకున్నాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆ పూట అతను అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు. అది చూశాక చెప్పబుద్ధి కాలేదు.

చైన్లు రెండూ పూర్తయ్యాయి. పైన రంగు వేశాడు, ఎండిన మట్టి లాంటి పసుపు. స్పాంజి ముక్కతో అక్కడక్కడా అద్ది రంగు లేచిపోయినట్టు చేశాడు. షెడ్డు నేల మీద ఊడ్చి తెచ్చిన ఇనుప పొడి నీళ్ళలో కలిపి తుప్పు పట్టించాడు. సువర్ణరేఖ నది ఒడ్డు మట్టి జల్లెడ పట్టి చక్రాల మీద చల్లాడు. ఆ తుప్పు, ఆ బురద అచ్చం నిజం బండికి పట్టినట్టే ఉన్నాయి. వాటి జోలికి పద్మకుమారి పోలేదు, పోవలసిన పనీ రాలేదు.

విశ్వకర్మ పూజ నాడు ఫ్యాక్టరీ గేటు ఇంటిల్లిపాదికీ తెరుస్తారు. జంషెడ్‌పూర్‌లో ఆ రోజు ఏ యంత్రమూ తిరగదు. లేతు మిషనుకి పసుపు, డ్రిల్లుకి కుంకుమ, క్రేన్ కొక్కేనికి బంతిపూల దండ. ఒక్క క్రేన్ మాత్రం పూజయ్యాక ఒక్కసారి కదులుతుంది. అది ఆ షెడ్డు ఆనవాయితీ. ఒక ఇనుప దిమ్మని కొక్కేనికి కడతారు. కింద ఇనుప పలక మీద అగ్గిపెట్టెని నిలబెట్టి, లోపలి అరని సగం పైకి లాగి ఉంచుతారు. ఆపరేటరు పై నుంచి దిమ్మని దించి, అగ్గిపెట్టె నలగకుండా ఆ అర మూసుకునేంత మట్టుకే ఆనించాలి. అగ్గిపెట్టెని కింద రెండు వేళ్ళతో పట్టుకుని కూర్చునేది ఖలాసీ. దిమ్మ వెంట్రుకవాసి ఎక్కువ దిగితే వేళ్ళు ఉండవు. మామూలు రోజుల్లో అలా వేలాడే లోడు కింద ఎవడైనా చెయ్యి పెడితే షిఫ్ట్ ఇన్‌చార్జ్ మహతో ఉద్యోగం ఊడగొడతాడు. ఆ ఒక్కరోజు ఆయన కూడా కళ్ళు మూసుకుని ప్రసాదం తింటాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ ఆట సత్యప్రసాద్‌ది, ఆ వేళ్ళు భీమారావువి. ఒక్కసారి కూడా అగ్గిపెట్టె నలగలేదు.

"ఈసారి రాజ్‌కిరణ్ చేత్తాడు" అన్నాడు సత్యప్రసాద్ ముందు రోజు. రాజ్‌కిరణ్ రెండో ఆపరేటరు. పద్మకుమారి నమ్మింది. పొద్దున్నే, పూజలో పెడతానని హాఫ్‌ట్రాక్‌ని చెక్క పీఠం మీద పెట్టుకుని అతను స్కూటర్ మీద ముందు వెళ్ళిపోయాడు. తల్లీ కూతుళ్ళు ఆటోలో వెనక వెళ్ళారు.

షెడ్డులో మైకు, ఢోలు, సాంబ్రాణి పొగ, పిల్లల గోల. విగ్రహం ముందు పానాలు, సుత్తులు, కొలబద్దలు పేర్చి ఉన్నాయి. వాటి మధ్యలో హాఫ్‌ట్రాక్. జనం వంగి వంగి చూస్తున్నారు. "క్యా హాథ్ హై ప్రసాద్ కా!" అని చేతి పనితనాన్ని మెచ్చుకుంటున్నాడొకడు. వాడి వేలు చైను మీద ఉంది. పద్మకుమారికి లోపల గర్వంగా ఉంది, సిగ్గుగానూ ఉంది. తన పనిని మొగుడి పేరు మీద పొగుడుతుంటే వినడం ఆమెకి విచిత్రంగా అనిపించింది.

"మీ నాన్న ఎక్కడే?" అంది సౌజన్యతో.

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోతోంది. "ఊపర్ దేఖో, అమ్మా."

పైన కేబిన్‌లో అద్దం వెనక సత్యప్రసాద్ ఉన్నాడు. నీలం చొక్కా, నుదుట బొట్టు. కొక్కేనికి దిమ్మ కట్టేసి ఉంది. అప్పటికే అది గాలిలో ఉంది.

"రాజ్‌కిరణ్ కదే చెయ్యాల?"

"సర్‌ప్రైజ్!" అంది సౌజన్య. అని, ఇన్నాళ్ళు దాచిన సంగతి సగం హిందీలో సగం తెలుగులో గడగడా చెప్పేసింది. డాక్టరు దగ్గరికి నాన్న అసలు వెళ్ళలేదట. వెళితే మెడికల్ అన్‌ఫిట్ అని రాసి క్రేన్ నుంచి దించేస్తారని భయపడ్డాడట. అందుకని తనకి తనే ఒక పరీక్ష పెట్టుకున్నాడట. హాఫ్‌ట్రాక్ చైను మొత్తం ఒక్క వంకర లేకుండా అంటించగలిగితే చెయ్యి బాగున్నట్టు, మళ్ళీ క్రేన్ ఎక్కొచ్చు. ఒక్కటి వంకరగా వచ్చినా ఇక ఎప్పటికీ ఎక్కకూడదు. అమ్మకి చెప్పకు, భయపడుతుంది అని ఒట్టు వేయించుకున్నాడట. మోకాలు తగ్గిందని చెప్పి ఇవాళ ఎక్కాడట. "ఔర్ చెయిన్ పూరా సీధా ఆయా, అమ్మా! నేనే ఫొటోలు తీశాను కదా!"

పద్మకుమారికి పై ప్రాణాలు పైనే పోయాయి. మైకు, ఢోలు ఏవీ వినిపించలేదు. తను సూదిమొనతో లేపి తిన్నగా పెట్టిన ఒక్కో దిండూ కళ్ళ ముందు కదిలింది. బొమ్మే కదా అనుకుంది. మొగుడు తన చెయ్యి ఎలా ఉందో ఆ బొమ్మని అడుగుతూంటే, బొమ్మ చేత రోజూ అబద్ధం చెప్పించింది తనే. ఆ అబద్ధం నమ్మి ఆయన పైకెక్కాడు. కింద, జనం రాకుండా కట్టిన పసుపు తాడు అవతల, ఇనుప పలక పక్కన, భీమారావు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య అగ్గిపెట్టె. ఎడం చెయ్యి పైకెత్తి, వేళ్ళు మెల్లగా ఆడిస్తూ దించమని సైగ చేస్తున్నాడు. మొహంలో ఇంత బెదురు లేదు. బావ పైనుంటే వాడికి ఎప్పుడూ బెదురు లేదు.

ఆమె తాడు దాకా పరిగెత్తింది. అక్కడ ఆగిపోయింది. ఆగింది చేతకాక కాదు. చుట్టూ అయిదారు వందల మంది ఉన్నారు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు ఉన్నారు. ఈ మనిషి చెయ్యి మీద ఈ షెడ్డంతా ఒట్టేస్తుంది. ఇంతమందిలో కట్టుకున్న పెళ్ళామే తాడు దాటి ఆపితే ఆయన మళ్ళీ తలెత్తుకుని ఈ గేటులోకి రాగలడా? ఒకవేళ ఏమీ కాకపోతే? ఇన్నేళ్ళ అనుభవం, ఈ ఒక్కసారికి చెయ్యి మాట వినదా? దిమ్మ దిగుతోంది. ఆగి, మళ్ళీ కొంచెం దిగి, మళ్ళీ ఆగుతోంది. జనం "హో" అని ఊపు అందుకుంటున్నారు. భీమారావు తల ఎత్తు దాటి దిగింది. వాడి గుండె ఎత్తుకి వచ్చింది.

అక్కడ దిమ్మ ఒక్కసారి జారింది. బెత్తెడు కూడా లేదు. జారి ఆగింది, ఆగినచోట ఒక పక్కకి చిన్న ఊగు ఊగింది. జనానికి అది ఆటలో భాగం, ఇంకా గట్టిగా అరిచారు. భీమారావు కూడా కదల్లేదు, సైగ మానలేదు. కానీ ఆ కుదుపు పద్మకుమారికి కొత్తది కాదు. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని ఆమె బ్లేడుతో లేపింది అలాంటి కుదుపులనే.

ఆమె తాడు కింద నుంచి దూరింది. "అందర్ నహీ, మేడమ్!" అని సెక్యూరిటీ వాడు కొంగు పట్టుకున్నాడు. కొంగు వాడి చేతిలో చిరిగింది. అరిస్తే ఆ రొదలో కేబిన్‌కి వినపడదు. కానీ క్రేన్ దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఎత్తమనీ దించమనీ ఖలాసీ ఒక్కడే చెప్పాలి, ఆపమని మాత్రం ఎవరు చెప్పినా ఆపరేటరు ఆపాల్సిందే, ఊడ్చే మనిషైనా, దారిన పోయే మనిషైనా. పద్మకుమారి తమ్ముడి ముందుకి వెళ్ళి, కేబిన్ వైపు మొహం ఎత్తి, రెండు చేతులూ బార్లా చాపి అటూ ఇటూ ఊపింది.

దిమ్మ ఉన్నచోట ఉండిపోయింది. ఢోలు వాయించేవాడి చేతిలో పుల్లలు ఆగాయి.

"అక్కా! పిచ్చేటి నీకు?" భీమారావు కూర్చునే అరిచాడు. "బావ ఏటనుకుంతాడు? అందరూ చూత్తన్నారే!"

"చూడనీ. చెయ్యి తియ్యి. లెగు ముందు అక్కణ్ణించి."

"అగ్గిపెట్టె..."

ఆమె వాడి జబ్బ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అగ్గిపెట్టె పలక మీద పడి అంత దూరం దొర్లిపోయింది.

సత్యప్రసాద్ ఇనుప నిచ్చెన దిగి వచ్చాడు. గబగబా దిగాడు, మోకాలు నొప్పన్న మనిషిలా లేడు. మొహం పాలిపోయి ఉంది. ఆమె అనుకున్నట్టు కోపంతో రాలేదు. "ఏటైంది? ఎవులికేటైంది? దెబ్బ తగిలిందేటి?" అన్నాడు భీమారావుని తడుముతూ. పద్మకుమారికి అంతకన్నా తిట్టినా బాగుండేది.

"ఎవులికీ ఏటీ అవలేదు. మావా, ఆ చైను నువ్వు చెయ్యలేదు."

"ఏ చైను?"

"బండి చైను. నువ్వు డూటీకి ఎల్లిపోయేక నాను సరిచేసేను. రోజూ. నువ్వు అన్నం తినడం మానేసేవని, ఒక్క రోజుకే అనుకున్నాను. నువ్వు సంతోషపడతంటే మళ్ళీ చేసేను. నువ్వు ఇలగ పరీక్ష పెట్టుకున్నావని నాకు తెల్దు మావా, దాని మీద ఒట్టు, నాకు తెల్దు." ఆమె కూతురి వైపు చెయ్యి చూపించింది. సౌజన్య తాడు అవతల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

సత్యప్రసాద్ విగ్రహం దగ్గరికి నడిచాడు. జనం దారిచ్చారు. హాఫ్‌ట్రాక్‌ని పీఠంతో సహా ఎత్తి వెలుగులోకి తెచ్చి, కొత్త అద్దాలు సర్దుకుని చూశాడు.

"ఏ లింకులు నువ్వు పెట్టేవు? చూపించు."

ఆమె వేలు ఏ లింకు మీదికీ పోలేదు.

"ఎడం పక్క చైను నాదే గదా. అది మొదట్నించీ తిన్నగా వచ్చినాది. ముందు చక్రం కాడ కొన్ని నువ్వు పెట్టుంతావు. ఏవో చెప్పు పద్మా. మిగతావి నావే గదా."

"అన్నీ మావా" అంది పద్మకుమారి. "రెండు పక్కలా. అన్నీ నావే." అని, ఏదో ఒకటి మిగల్చాలని, "ఆ తుప్పు, బురద, రంగు, అవన్నీ నీవే. వాటిని నాను ముట్టలేదు" అంది.

"బురద చల్లడానికి చెయ్యి బాగుండాలేటి?" అన్నాడు.

బండిని పీఠం మీద దించి, భీమారావు కుడి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు పట్టుకుని, సంతలో దేనినో పరీక్షగా చూసినట్టు చూశాడు. పట్టుకున్న చెయ్యి, పట్టులో ఉన్న చెయ్యి, రెండూ కలిసి వణికాయి. భీమారావుకి అప్పటిగ్గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"జారింది బావా" అన్నాడు మెల్లగా. "ఇందాక నాకూ తెలిసినాది. నువ్వే కావాలని ఆడతన్నావేమో అనుకున్నాను."

మహతో ప్రసాదం దొన్నె పట్టుకునే వచ్చాడు. "క్యా హువా, ప్రసాద్? ఖేల్ హోగా కి నహీ?" అని, ఆట ఉందా లేదా అని అడిగి, మొగుడూ పెళ్ళాల మొహాలు చూసి గొంతు తగ్గించాడు. "ఘుట్నా దుఖ్ రహా హై క్యా?"

మోకాలు నొప్పా అని ఆయనే దారి చూపించాడు. అవునంటే సరిపోయేది. రాజ్‌కిరణ్ ఎక్కుతాడు, ఢోలు మళ్ళీ మోగుతుంది, పెళ్ళానికి తమ్ముడి మీద భయమని నాలుగు రోజులు నవ్వుకుని మరిచిపోతారు. పద్మకుమారి మనసులో అనమని దణ్ణం పెట్టుకుంది. అనకూడదని కూడా దణ్ణం పెట్టుకుంది. రెండిట్లో ఏది గట్టిగా పెట్టుకుందో ఆమెకే తెలియలేదు.

"ఘుట్నా నహీ, సాబ్" అన్నాడు సత్యప్రసాద్. గొంతు పెంచే అన్నాడు, తాడు అవతల వాళ్ళకీ వినపడేలా. "హాథ్. మేరా హాథ్ కాంప్‌తా హై. మైనే ఛిపాయా థా." చెయ్యి వణుకుతోంది, దాచాను అని చెప్పి, ఆ చేతిని ముందుకి చాపి చూపించాడు. అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే నయమనిపించేంత జాలిగా చూశారు.

మహతో దొన్నె పక్కన పెట్టాడు. ఆయన మొహం కూడా తెల్లబోయింది. లోడు కింద చెయ్యి పెట్టనిచ్చింది తను కూడా కదా. రేపే మెడికల్‌కి పంపిస్తానని మాత్రం అన్నాడు. రాజ్‌కిరణ్ ఎక్కి దిమ్మని ఖాళీ నేల మీదికి దించాడు. ఆ ఏడు ఆట జరగలేదు.

సత్యప్రసాద్ స్కూటర్ తాళం భీమారావు చేతిలో పెట్టాడు. సౌజన్య మేనమామ వెనక కూర్చుంది, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. మొగుడూ పెళ్ళాలు ఆటో ఎక్కారు. ఖర్కాయి నది వంతెన మీద బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ప్రతి ఆటోకీ, ప్రతి లారీకీ దండలు వేలాడుతున్నాయి, పక్క బండిలో పాటలు మోగుతున్నాయి. సత్యప్రసాద్ ఒళ్ళో చెక్క పీఠం, దాని మీద హాఫ్‌ట్రాక్. పీఠాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆటో గోతిలో పడ్డా పడకపోయినా ఆ చేతులు ఆడుతూనే ఉన్నాయి, చైన్లు పీఠానికి తగిలి సన్నగా టకటకమంటున్నాయి.

"నన్ను తిట్టు మావా" అంది ఆమె.

"నిన్నేటి తిడతాను? నువ్వు చేసేవని నాకు ఎప్పుడో అనుమానం తగిలినాది. సూది చూసిన రోజునే. నాకే తెలుసుకోవాలని లేదు." ఒళ్ళోని బండి వైపు చూస్తూ అన్నాడు, "అదీ నా పాపం. వాడి వేళ్ళు అక్కడ పెట్టించి మరీ కళ్ళు మూసుకున్నాను."

పద్మకుమారి ఇన్నాళ్ళూ తను ఒక్కతే దాచిపెట్టాననుకుంది. ఇద్దరూ కలిసి దాచారు. ఆటో వంతెన దిగి రాళ్ళ రోడ్డు మీద ఎగిరింది. పీఠం ఒక పక్కకి ఒరిగి, హాఫ్‌ట్రాక్ అంచు దాకా జారింది.

"ఇలగియ్యి మావా, నాను పట్టుకుంతాను."

"వద్దు."

"పడిపోద్ది!"

"పడనీ" అన్నాడు సత్యప్రసాద్. అరవలేదు, మామూలుగానే అన్నాడు. "ఎంత వణుకుతాదో నాకు తెలియాల పద్మా. నువ్వు పట్టుకుంతే నాకెలగ తెలుత్తాది?"

ఆమె చేతులు వాటంతటవే ముందుకి పోయాయి. వాటిని వెనక్కి లాక్కుని, చిరిగిన కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఏడుపు ఆగడం లేదు. బారిడీహ్ చేరేదాకా ఆ బండి మీంచి చూపు తిప్పలేదు, చెయ్యి మాత్రం చాపలేదు.